మామూలు పని - ఎవరికి మామూలు?

మా అమ్మకి ఒళ్ళు కదిలే పనేమీ లేదట. ఈ మాట అన్నది నేను కాదు, పంజాగుట్టలో ఒక పెద్ద ఆసుపత్రి కంప్యూటరు.

2022 ఆగస్టులో అమ్మనీ నాన్ననీ 'మాస్టర్ హెల్త్ చెకప్'కి తీసుకెళ్ళాను. ఇద్దరికీ కలిపి చేయిస్తే కొంత తగ్గింపు ఉంది. రక్తం ఇచ్చి, ఇడ్లీ కూపన్లు చేతిలో పట్టుకుని కూర్చున్నాక ఒకమ్మాయి లాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని ప్రశ్నలు మొదలుపెట్టింది. ఇరవై రెండేళ్ళుంటాయేమో. పాపం, ఆమె వెనక ఇంకా పదిమంది వరసలో ఉన్నారు.

"వాకింగ్ చేస్తారా అంకుల్?"

"రోజూ. నలభై అయిదు నిమిషాలు" అన్నారు నాన్న, కొంచెం గర్వంగానే.

"ఆంటీ, మీరు?"

"నేనా? లేదమ్మా."

"యోగా, జిమ్ము లాంటివి?"

అమ్మ నవ్వింది. ఆ నవ్వుని ఆ అమ్మాయి 'నో' అని కొట్టింది. "ఆక్యుపేషన్?" అంటే అమ్మ నోరు తెరిచేలోపు "హౌస్‌వైఫ్" అని నాన్న చెప్పేశారు. మొత్తం పది సెకన్లు. సాయంత్రం చేతికొచ్చిన రిపోర్టులో నాన్న 'యాక్టివ్', అమ్మ 'సెడెంటరీ'. సెడెంటరీ అంటే కూర్చుని ఉండేది అని.

ఆ రోజు కూర్చుని ఉండే మా అమ్మ ఏం చేసిందో చెప్తాను. నాలుగున్నరకి లేచింది. మాకు మంజీరా నీళ్ళు రోజు విడిచి రోజు వస్తాయి, ఆ రోజు వచ్చే రోజు. రెండు డ్రమ్ములూ బిందెలూ నింపింది. మేముండేది అమీర్‌పేటలో ఒకప్పటి సత్యం థియేటర్ వెనక వీధుల్లో, మూడో అంతస్తులో. లిఫ్ట్ లేదు. పరగడుపున ఆసుపత్రికి వెళ్ళాలి కనక తనకీ నాన్నకీ టిఫిన్ లేదుగానీ, నా కూతురికి బాక్సు కట్టాలిగా. కట్టింది. వాషింగ్ మెషిన్ ఉన్నా నూలు చీరలు దాంట్లో వెయ్యదు. ముందు రోజు నానేసినవి ఉతికి, బకెట్టు పట్టుకుని మేడ మీదికెళ్ళి ఆరేసింది. ఇల్లు ఊడ్చి, వంగి తడిగుడ్డ పెట్టింది. అప్పుడు చీర మార్చుకుని "పదండి" అంది. నాన్న అప్పటికే తన నలభై అయిదు నిమిషాలూ నడిచొచ్చి పేపరు చదువుతున్నారు. ఆయన్ని వెక్కిరించడం నా ఉద్దేశం కాదు. ఆయన నడవడం మంచిదే. ఆ నలభై అయిదు నిమిషాలు ఆయనకి ఎక్కణ్ణుంచి వచ్చాయన్నదే ఆ ఫారంలో లేని గడి.

ఇంతకంటే సిగ్గుపడాల్సిన సంగతి ఇంకోటుంది. నేను తెలుగు కథల్లో ఇంటి చాకిరీ మీద పరిశోధన చేసి డాక్టరేట్ తీసుకున్నదాన్ని. పి. సత్యవతి 'ఇల్లలకగానే' కథలో ఇల్లు అలుకుతూ అలుకుతూ తన పేరే మర్చిపోయిన ఇల్లాలి గురించి ఒక అధ్యాయం రాశాను. విమల 'వంటిల్లు' గురించి సెమినార్లలో మాట్లాడాను. నేను ఆ థీసిస్ రాసుకున్న ఏళ్ళన్నీ నా కూతుర్ని పెంచింది, నా కంచంలో అన్నం పెట్టింది అమ్మే. అలాంటిదాన్ని, ఆ అమ్మాయి 'నో' అని కొట్టినప్పుడు పక్కనే కూర్చుని ఫోన్ చూసుకుంటున్నాను. "అదేంటమ్మా, ఆవిడ పొద్దున్నుంచీ నిలబడే ఉంది" అని ఒక్కమాట అనలేదు. నాకూ అది పేరుకే తప్ప లెక్కకి తట్టలేదన్నమాట.

ఆ తర్వాత ఏం జరిగిందో చెప్పకపోతే ఇదంతా ఉత్త మాటల పట్టింపులా ఉంటుంది.

ఆ దసరా తర్వాత అమ్మ బట్టలు మేడ మీద ఆరెయ్యడం మానేసి బాల్కనీలో తాడు కట్టించుకుంది. "ఎండ చాల్లే ఇక్కడికి" అంది. వంగి తడిగుడ్డ పెట్టడం మానేసి కర్రకి కట్టిన మాప్ కొనమంది. కూరలు తెచ్చేటప్పుడు రెండో అంతస్తు దగ్గర ఆగి ఎదురింటావిడతో కబుర్లు చెప్పడం మొదలైంది. కబుర్లు కావవి, ఆయాసం. అడిగితే మోకాళ్ళంది. పళ్ళ పొడి వేసుకున్నా అలిసిపోతున్నానే అని ఓసారి నవ్వుతూ అంది. అదే ఆసుపత్రికి రెండుసార్లు తీసుకెళ్ళాను. రెండుసార్లూ తెర మీద పాత మాటే వచ్చింది: సెడెంటరీ. రెండుసార్లూ అదే సలహా. బరువు తగ్గాలి, రోజూ అరగంట వేగంగా నడవాలి, ఒళ్ళు కదల్చక ఆయాసం వస్తోంది. అమ్మ ఆజ్ఞలా పాటించింది. అమీర్‌పేట ఫుట్‌పాత్ మీద, కోచింగ్ బోర్డులూ జిరాక్స్ షాపుల బల్లలూ మిర్చి బజ్జీ బళ్ళూ తప్పించుకుంటూ, గుండెకి రక్తం సరిగా అందని మనిషి రోజూ అరగంట వేగంగా నడిచింది.

2023 మేలో వేరే చోట ఒక పెద్ద వయసు డాక్టరమ్మ చూసింది. ఆవిడ వాకింగ్ గురించి అడగలేదు. "పోయిన సంక్రాంతికి చేసిన పనుల్లో ఇప్పుడు చెయ్యలేనివి ఏంటమ్మా?" అని అడిగింది. అంతే. అమ్మ చెప్పడం మొదలుపెట్టింది, ఆపలేదు. మేడ, బకెట్టు, తడిగుడ్డ, మెట్లు, పచ్చడి దంచడం. అవన్నీ అమ్మ మానేసిన సంగతి నాకు విడివిడిగా తెలుసు, కలిపి ఎప్పుడూ వినలేదు. ఆ వారంలోనే యాంజియోగ్రామ్, రెండు స్టెంట్లు.

ఆ ఫారం వల్ల అమ్మకి గుండె జబ్బు వచ్చిందని నేననను. వేరే ఫారం ఉంటే మొదటిరోజే తేలిపోయేదనీ అనను. కానీ ఆగస్టులో ఆ కంప్యూటర్లో 'బట్టలు ఉతికి నాలుగో అంతస్తు మేడ మీదికి మోస్తుంది, ఆగకుండా ఎక్కుతుంది' అని ఒక్క వాక్యం రాసి ఉంటే? జనవరిలో 'రెండో అంతస్తు దగ్గర ఆగుతోంది' అన్నది ఒక వార్త అయ్యేది. మొదట్లోనే 'ఏమీ చెయ్యదు' అని రాసేసిన మనిషి ఇంకేం మానేస్తే మాత్రం ఎవరికి తెలుస్తుంది? సున్నాలోంచి ఎంత తీసేసినా సున్నానే కదా.

అందుకే రోగి శారీరక శ్రమని రాసి పెట్టాలా వద్దా అన్న వాదనలో నేను రాయాలనే పక్షమే. ఎలా రాస్తున్నారన్న దాని మీదే నా పోట్లాట.

ఈ రాయడం అనే ఆలోచన కొత్తదేం కాదు. నాడి, రక్తపోటు, జ్వరం చూసినట్టే వ్యాయామాన్నీ ప్రతిసారీ అడిగి రాయాలని అమెరికాలో కైజర్ పర్మనెంటే సంస్థ దక్షిణ కాలిఫోర్నియాలో 2009లో మొదలుపెట్టింది. రెండే ప్రశ్నలు. వారానికి ఎన్ని రోజులు వేగంగా నడవడం లాంటి వ్యాయామం చేస్తారు, రోజుకి ఎన్ని నిమిషాలు. రెండూ గుణిస్తే వచ్చే సంఖ్య 150 దాటితే మంచిది. నిమిషం కూడా పట్టదు. మన కార్పొరేట్ ఆసుపత్రుల చెకప్ ఫారాల్లో కనిపించేవి ఇలాంటి ప్రశ్నలే, 'వేగంగా నడవడం లాంటి' అన్నదాంట్లో 'లాంటి' మాత్రం దారిలో ఎక్కడో జారిపోయింది.

మన సర్కారు కూడా అడుగుతోంది. ముప్ఫై ఏళ్ళు దాటిన వాళ్ళందరికీ బీపీ, షుగరు, కొన్ని రకాల క్యాన్సర్లు పరీక్షించే కార్యక్రమం 2017లో మొదలైంది. ఆశా కార్యకర్త ఇంటికొచ్చి 'సీబ్యాక్' అనే ఫారం నింపుతుంది. వయసు, పొగాకు, మందు, నడుం కొలత, కుటుంబంలో జబ్బులు, వాటితోపాటు వారానికి 150 నిమిషాల శారీరక శ్రమ ఉందా లేదా అన్న ప్రశ్న. ఉంటే సున్నా, లేకపోతే ఒక మార్కు. మొత్తం నాలుగు దాటితే పరీక్షకి ముందు పంపాలి. చూడండి, ఆ ప్రశ్నలో ఉన్నది 'ఫిజికల్ యాక్టివిటీ', అంటే ఒళ్ళు కదిలే ఏ పనైనా. ఎక్సర్‌సైజ్ అని లేదు. మా వీధిలో ఒక లేడీస్ హాస్టల్లో వంట చేసే పాలమూరు మనిషిని నా ముందే అడిగారు. నోటిమాటగా అడిగేసరికి అది "వ్యాయామం ఏమన్న చేస్తవా అక్కా?" అయింది.

"ఏం వ్యాయామం మేడం? పొద్దుగాల నాలుగింటికి లేస్తె రాత్రి పదింటి దాంక నిలవడుడే. అరవై మంది పిల్లలకు చపాతీలు."

ఆశా కార్యకర్త పెన్ను ఎత్తి ఒక్క క్షణం ఆగింది. ఎక్కడ టిక్కు పెట్టాలి? నిజానికి ఆవిడకి తెలియదు, ఆ ఫారానికీ తెలియదు. చివరికి "ఉన్నట్టే గద" అని సున్నా వేసింది. మా అమ్మకి లేదన్నారు, ఈమెకి ఉందన్నారు. రెండూ తప్పే! మా అమ్మ కదులుతూ ఉన్నా కదలనట్టు రాశారు. ఈమె పద్దెనిమిది గంటలు ఒకేచోట పొయ్యి ముందు నిలబడి, కాళ్ళ నరాలు ఉబ్బి, నడుం విరుగుతున్నా ఆరోగ్యంగా ఉన్నట్టు రాశారు. (ఆ ఆశా కార్యకర్త ఆ ఎండలో అయిదో అంతస్తుదాకా ఎక్కొచ్చింది. ఆమె ఫారం ఎవరు నింపుతారో! పేరుకి ఆమె ఉద్యోగి కూడా కాదు, గౌరవ పారితోషికం తీసుకునే స్వచ్ఛంద కార్యకర్త. నడక ఉద్యోగం కిందికీ రాదు, వ్యాయామం కిందికీ రాదు.)

ఇక్కడ మన వైపు నుంచే వచ్చే ఒక వాదనతో తగాదా పడాలి. "ఇంటిపని కూడా వ్యాయామమే, దాన్ని లెక్కలో వెయ్యండి, సరిపోతుంది" అంటారు కొందరు మిత్రులు. వినడానికి బాగానే ఉంది. కానీ ఈ మాట మొదట అన్నది స్త్రీవాదులు కాదు. రోలూ రోకలీ తిరగలీ ఉన్న రోజుల్లో ఆడవాళ్ళకి జబ్బులే లేవని వాట్సాప్‌లో తిరిగే సందేశాలు చదవని వాళ్ళెవరు? బొమ్మలో ఒక పట్టు చీర ఆవిడ నవ్వుతూ రుబ్బుతూ ఉంటుంది. ఆమెకి ఎన్ని కాన్పులు, ఎంత రక్తహీనత, గర్భసంచి ఎందుకు జారిందో ఆ బొమ్మలో ఉండదు. ఇంటిపనిని వ్యాయామం అని పిలిస్తే చాకిరీకి ఆరోగ్యం అనే కొత్త నగ పెట్టినట్టే. పనిమనిషి రాని రోజున "పోన్లే, ఎక్సర్‌సైజ్ అవుతుంది" అనే మొగుళ్ళకి డాక్టరు సంతకం కూడా దొరుకుతుంది.

పైగా వైద్యం ప్రకారం కూడా అది పూర్తి నిజం కాదు. పనుల తీవ్రతని 'మెట్' అనే కొలతతో లెక్కేస్తారు. ఊరికే కూర్చుంటే ఒక మెట్, మూడు దాటితే మధ్యరకం శ్రమ. అంట్లు తోమడం, నిలబడి వంట చెయ్యడం లాంటివి ఆ పట్టికల్లో మూడు లోపే ఉంటాయి. మనిషి అలిసిపోతుంది, గుండె బలపడదు. ఈ కొలతకీ ఒక కథ ఉంది. ఒక మెట్ అంటే కిలో బరువుకి నిమిషానికి 3.5 మిల్లీలీటర్ల ప్రాణవాయువు. ఆ 3.5 ఎక్కణ్ణుంచి వచ్చిందని 2005లో కొందరు పరిశోధకులు వెనక్కి వెతుక్కుంటూ వెళ్తే, 70 కిలోల బరువున్న నలభై ఏళ్ళ ఒకే ఒక్క మగవాడి దగ్గర తేలింది. మా అమ్మ అంట్లకీ, పాలమూరు అక్క చపాతీలకీ ఆ పెద్దమనిషే గజం బద్ద.

డెన్మార్క్ పరిశోధకులు కొన్నేళ్ళుగా ఇంకో మాట చెప్తున్నారు. తీరిక వేళ మనకి మనం చేసే శ్రమ గుండెని కాపాడినట్టు, జీతం కోసం గంటల తరబడి చేసే శ్రమ కాపాడదని. మోత, నిలబడటం, విశ్రాంతి లేకపోవడం, ఎప్పుడు ఆపాలో మన చేతిలో లేకపోవడం ఇందుకు కారణాలు కావచ్చంటారు. దీనిమీద ఇంకా వాదోపవాదాలున్నాయి, ముఖ్యంగా ఆడవాళ్ళ విషయంలో. నాకు మాత్రం ఆ చివరి కారణం చదివినప్పుడు మన కథా సాహిత్యం మొత్తం గుర్తొచ్చింది.

ఇప్పుడు రెండు లెక్కలు పక్కపక్కన పెట్టి చూడండి. 2024లో లాన్సెట్ గ్లోబల్ హెల్త్‌లో వచ్చిన అంచనా ప్రకారం 2022లో మనదేశంలో ఆడవాళ్ళలో 57 శాతం, మగవాళ్ళలో 42 శాతం చాలినంత శారీరక శ్రమ చెయ్యడం లేదు. అదే 2024లో కేంద్ర ప్రభుత్వం చేసిన టైమ్ యూజ్ సర్వేలో, జీతం లేని ఇంటిపని చేసే ఆడవాళ్ళు దానికి రోజుకి సగటున 289 నిమిషాలు పెడుతున్నారు. చేసే మగవాళ్ళు 88 నిమిషాలు. మొదటి లెక్క వచ్చినప్పుడు 'బద్ధకిస్తున్న భారతీయ మహిళ' తరహా వ్యాఖ్యానాలు చదివి ఒళ్ళు మండిపోయింది. అయితే ఆ అంచనాని అబద్ధమని కొట్టిపారెయ్యడమూ తేలికే, నేనా పని చెయ్యను. ప్రపంచ ఆరోగ్య సంస్థ తయారుచేసిన ప్రశ్నావళిలో పని అంటే జీతమున్నదీ లేనిదీ, ఇంటి చాకిరీతో సహా అని స్పష్టంగానే ఉంది. కాకపోతే ఒకే బిగిన పది నిమిషాలు చేసిన పనే చెప్పమంటుంది. ఇంటిపని ఎక్కడైనా ఒకే బిగిన సాగుతుందా? పాలు పొంగుతాయి, కాలింగ్ బెల్ మోగుతుంది, పిల్ల ఏడుస్తుంది. 2020లో వచ్చిన కొత్త మార్గదర్శకాల్లో ప్రపంచ ఆరోగ్య సంస్థే ఆ పది నిమిషాల షరతుని తీసేసింది, ఏ కదలికైనా లెక్కే అంది. పాత ప్రశ్నలు మాత్రం ఇంకా చాలాచోట్ల పాతగానే అడుగుతున్నారు.

నా మటుకు నాకు ఈ రెండు లెక్కలూ ఒకేసారి నిజం కావచ్చనిపిస్తుంది. అసలు ఘోరం అదే. రోజుకి దాదాపు అయిదు గంటలు చాకిరీ చేసి, ఆ చాకిరీ వల్లే గుండెకి పనికొచ్చే అరగంట దొరకని మనిషి. ఆమెని పట్టుకుని "మీరు నడవాలి" అని చీటీ రాసివ్వడం, ఆకలితో ఉన్నవాళ్ళకి భోజనం చెయ్యమని చీటీ రాసివ్వడం లాంటిది. పొద్దున ఆరూ ఏడూ మధ్య పార్కుల్లో గాలి బాగుంటుంది. ఆ ఆరూ ఏడూ మధ్య అమీర్‌పేటలో ఏ వంటింట్లో లైటు ఆరి ఉంటుందో చెప్పండి!

సంఖ్యల గురించి ఇంత మాట్లాడాను, నా వృత్తి నిజానికి మాటలు చదవడం. కాబట్టి ఒక మాట గురించి. గుండె జబ్బు ఎంత ముదిరిందో చెప్పడానికి న్యూయార్క్ హార్ట్ అసోసియేషన్ 1928లో చేసిన వర్గీకరణ ఇప్పటికీ వాడుతున్నారు. అమ్మ డిశ్చార్జి కాగితంలో కూడా ఉంది, 'క్లాస్ టూ' అని. దాని అర్థం వెతికితే ఇలా ఉంది: విశ్రాంతిగా ఉన్నప్పుడు బాధ లేదు, మామూలు శ్రమకి అలసట, దడ, ఆయాసం. 'ఆర్డినరీ ఫిజికల్ యాక్టివిటీ.' ఆ ఒక్క విశేషణం దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. మామూలు అంటే ఎవరి మామూలు? డాక్టరు మనసులో మెదిలే మామూలు పని ఆఫీసుకి వెళ్ళడం, కారు దాకా నడవడం కావచ్చు. మా అమ్మ మామూలు బకెట్టు నిండా తడి చీరలు. "మామూలు పనులు చేసుకోగలుగుతున్నారా?" అని అడిగిన ప్రతిసారీ అమ్మ "ఆ, చేసుకుంటున్నానండీ" అనే చెప్పింది. అబద్ధం కాదు. చెయ్యలేనివన్నీ ఒక్కొక్కటిగా మామూలులోంచి తీసేస్తూ వచ్చింది, అంతే. మిగిలినవన్నీ చేసుకుంటూనే ఉంది.

వైద్యశాస్త్రానికి ఇది బొత్తిగా తెలియదని కూడా అనలేం. 1989లో అమెరికాలో డ్యూక్ విశ్వవిద్యాలయం వాళ్ళు గుండె రోగుల కోసం పన్నెండు ప్రశ్నల జాబితా ఒకటి చేశారు. మెట్లెక్కగలరా, దుమ్ము దులపగలరా, గిన్నెలు కడగగలరా, ఇల్లు ఊడవగలరా, నేల రుద్ది కడగగలరా... ఒక్కోదానికి ఒక్కో విలువ. దాంట్లో టెన్నిస్, ఈత, మంచు మీద స్కీయింగ్ కూడా ఉన్నాయి, అమీర్‌పేటలో ఆ చివరి సౌకర్యం ఇంకా రాలేదు. దాంపత్య జీవితం గురించీ ఒక ప్రశ్న ఉంది, అరవై ఏళ్ళ ఆడమనిషిని ఇక్కడ ఎవరూ ఆ ప్రశ్న అడగరు, అది వేరే వ్యాసం. నన్ను కట్టిపడేసింది విలువల పట్టిక. ఈత, టెన్నిస్, స్కీయింగ్ లాంటి ఆటలకి 7.5. నేల రుద్ది కడగడం, బరువైన సామాను జరపడం లాంటి ఇంటిపనికి 8. ఎనిమిది! ముప్ఫై అయిదేళ్ళ కిందటే ఒక విశ్వవిద్యాలయం నేల కడగడాన్ని టెన్నిస్ కంటే పై మెట్టు మీద పెట్టింది. 2022లో పంజాగుట్టలో అది సున్నా.

అంత దూరం ఎందుకు, మన ఊళ్ళోనే తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉంది. ఎవరు ఎంత తినాలో నిర్ణయించే జాతీయ ప్రమాణాలు ఐసీఎంఆర్ పేరుతో వచ్చేది అక్కణ్ణుంచే. 2010 ప్రమాణాల్లో 'ప్రామాణిక భారతీయ స్త్రీ' అని ఒకామె ఉంది. 55 కిలోలు, 18 నుంచి 29 ఏళ్ళు. ఆమె ఎనిమిది గంటల పనిని వివరిస్తూ మొదట రాసిందే మామూలు ఇంటిపని. అంటే ఎన్ని కేలరీలు పెట్టాలన్నప్పుడు ఇంటిపని పని, ఎంత శ్రమ చేస్తోందన్నప్పుడు కాదు. తార్నాకకీ పంజాగుట్టకీ మధ్య దూరం ఎంతని?

మరి కొందరు మిత్రులు దీనికి పూర్తిగా ఎదురు తిరుగుతారు. అసలు ఆడవాళ్ళ శరీరాల మీద ఇంకో గడి, ఇంకో కొలత ఎందుకు? ఇది నిఘా కాదా? రేపు ఇన్సూరెన్స్ వాళ్ళ చేతిలో 'ఇనాక్టివ్' అని పడితే? 2021 నుంచి ఆరోగ్య రికార్డులన్నిటినీ డిజిటల్ ఖాతాకి తగిలించే పని నడుస్తోంది కదా. ఈ భయాన్ని తేలిగ్గా తీసుకోను. కైజర్ సంస్థ కూడా వైద్యమూ బీమా రెండూ నడిపేదే. కానీ రాయకపోవడం వల్ల మనకి ఏ స్వేచ్ఛ మిగిలింది? రాయకపోవడం కాదు జరుగుతున్నది, 'ఏమీ లేదు' అని రాయడం. అన్వేషి మిత్రులు 'సవాలక్ష సందేహాలు' తెచ్చినప్పుడు చేసింది స్త్రీల శరీరాల గురించి మౌనం పాటించడం కాదు, డాక్టర్ల చేతిలో ఉన్న పెన్నుని ఆడవాళ్ళ చేతికివ్వడం. ఆ పుస్తకం చదివి పెరిగిన తరం మనది. కొలతలంటే భయపడి పారిపోతే కొలిచేది ఆ డెబ్భై కిలోల పెద్దమనిషే.

డాక్టర్లకి టైము లేదంటారు. నిజమే, ఓపీ వరసలు నేనూ చూశాను. అడగమంటున్నవి మూడే సంగతులు. నిన్న పొద్దుట లేచిన దగ్గర్నుంచి ఏం చేశారు, పేరు పెట్టకుండా చెప్పించండి. ఈ ఆరు నెలల్లో ఏ పని మానేశారు, లేదా తేలిక చేసుకున్నారు? మీకోసం నడవడానికి అరగంట దొరకాలంటే ఇంట్లో ఆ టైములో ఎవరు ఏ పని అందుకోవాలి? మూడోది అడిగి, పక్కన కూర్చున్న భర్త పేరో కొడుకు పేరో చీటీ మీద రాయండి. మాత్రల పేర్లు రాసినట్టే. పేషెంటు నడవాలంటే అంట్లు ఎవరు తోమాలన్నది వైద్యం కాదా? ఉప్పు తగ్గించమని చెప్పేటప్పుడు వంటింట్లోకి దూరగలిగిన డాక్టరు అక్కడ సింకు దాకా ఎందుకు వెళ్ళకూడదు?

ఇంట్లో నాన్న ఇప్పుడు నీళ్ళు పడుతున్నారు. వాకింగ్ ఆరున్నరకి మార్చుకున్నారు, మొదటి నెల రోజులు గొణుగుతూ. బట్టలు నేను మెషిన్లో వేస్తున్నాను, నూలు చీరలతో సహా. అమ్మ మొదటిసారి ఆ చీరలు చూసి ఏమీ అనలేదు, సాయంత్రం తీసి మళ్ళీ జాడించింది. ఆసుపత్రి వాళ్ళిచ్చిన డైరీలో 'స్టెప్స్' అని గడి ఉంటే, దాని పక్కనే తన గీత ఒకటి గీసుకుని రాస్తోంది. "మేడ - ఆగకుండా." "మేడ - ఒకసారి ఆగి." "ఆవకాయ కలిపాను, చెయ్యి నొప్పి, ఆయాసం లేదు." "ఏమీ చెయ్యలేదు, పడుకున్నా, బాగుంది."

పోయిన నెల చెకప్‌కి వెళ్ళాం. మెట్రోలో అమీర్‌పేట నుంచి పంజాగుట్ట ఒక్క స్టేషనే, కానీ అమ్మ మెట్లు ఎక్కుతానంది, ఎక్కింది. అక్కడ కౌంటర్లో ఇంకో అమ్మాయి, ఇంకో లాప్‌టాప్.

"ఎక్సర్‌సైజ్ చేస్తారా ఆంటీ? ఎస్ పెట్టనా, నో పెట్టనా?"

అమ్మ సంచిలోంచి డైరీ తీసి, నా వైపు ఓసారి చూసి, రెండు పేజీలు చింపి బల్ల మీద పెట్టింది. "ఏదో ఒకటి పెట్టుకోమ్మా. ఇవి మాత్రం నా ఫైల్లో గుచ్చు."

ఆ అమ్మాయి పేజీలు అటూ ఇటూ తిప్పి చూసింది. సొరుగు లాగి స్టాప్లర్ కోసం వెతకడం మొదలుపెట్టింది.